గ్రీకు పడవలో మోకాలి లోతు సముద్రానికి

గ్రీకు దీవి చూసి వచ్చామని చెబితే తెలిసినవాళ్లు ముందు సంతోషిస్తారు. పాస్‌పోర్ట్ ముట్టుకోకుండా కారులో వెళ్లి వచ్చామని చెప్పగానే నవ్వుతారు. అందుకే ముందే చెప్పేస్తున్నాను. మేం వెళ్లింది ఫ్లోరిడాకి. అక్కడ పడమటి తీరాన టార్పన్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊరుంది. సముద్రం అడుగునుంచి స్పాంజీలు కోసే పని కోసం గ్రీకులు వందేళ్ల కిందట వచ్చి అక్కడే ఉండిపోయారు. ఆ ఊళ్లో వీధి పేర్లు, రొట్టెల కొట్లు, చర్చి, రేవులో తిట్లు అన్నీ గ్రీకువే. పడవవాళ్లు పొద్దున ఎక్కించుకుని, ఎదురుగా ఉన్న దీవి దగ్గర ఈతకి దింపి, భోజనం పెట్టి, సాయంత్రానికి వెనక్కి తెస్తారు. వాళ్ల ప్రకటనలో ‘గ్రీకు దీవుల విహారం’ అని ఉంది. నేను చూసినంతలో దీవి ఒక్కటే. అదీ ఫ్లోరిడాది. మిగతావి ఎక్కడున్నాయో నాకిప్పటికీ తెలియదు.

ఎందుకు వెళ్లామంటే

మేముండేది నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్‌లో. నేను ఒక మందుల గిడ్డంగిలో స్టాకు చూస్తాను. బడిలో లెక్కలు తప్పాను. ఆ ఉక్రోషంతోనే తర్వాత నాకు నేనే నేర్చుకున్నాను. ఏ తేదీ చెప్పినా ఏ వారమో చెబుతాను. ఏ సంవత్సరం ఈస్టర్ ఎప్పుడొస్తుందో పున్నమిని బట్టి కట్టి చెబుతాను. మా తెలుగు సంఘంలో పండగకి హాలు మాట్లాడే ముందు నన్నే అడుగుతారు. లెక్కకి అందనిది ఏదైనా ఉంటే నాకు నిద్ర పట్టదు. ఈ ప్రయాణంలో లెక్కకి అందింది చాలా తక్కువ.

మా క్రైస్తవ సంఘంలో నెలనెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది, యేసు గుర్తుగా రొట్టె, ద్రాక్షారసం పంచుకుంటాం. రొట్టె పళ్లెం వరుసల వెంట చేతులు మారుతూ వస్తుంది. నీళ్లలో నిండా మునిగి బాప్తిస్మం తీసుకున్నవాళ్లే అందులోంచి తీసుకోవాలన్నది మా సంఘం నియమం. పసితనంలో తలమీద నీళ్లు చిలకరించుకున్నవాళ్లకి అది చాలదు. నేను కుర్రవాడిగా ఉన్నప్పుడు ఒంగోలు దగ్గర కాలవలో మునిగాను కాబట్టి తీసుకుంటాను. మా ఆవిడ కరుణ పాటలు పాడుతుంది, పిల్లలకి ఆదివారపు బడి నడుపుతుంది, సంఘానికి బిర్యానీ వండుతుంది. పళ్లెం వచ్చేసరికి మాత్రం దాని వంక చూడకుండా పక్కవాళ్లకి అందిస్తుంది.

ఆమెకి నీళ్లు చిలకరించింది ఎవరో కాదు, ఆమె కన్నతండ్రే. మా మామయ్యగారు రేపల్లె వైపు పల్లెల్లో జీవితమంతా పాదిరిగా పనిచేసి రిటైరయ్యారు. చిలకరింపు సంఘం వారిది. పుట్టిన కూతుర్ని గుడికి తెచ్చినరోజు మూడు దోసిళ్ల నీళ్లు ఆయనే పోశారు. ఆర్నెల్లు ఉండి వెళ్దామని మా దగ్గరికి వచ్చారు. ఆయన వచ్చినప్పటినుంచి పళ్లెం మా వరుసలో ఇద్దర్ని దాటుకుపోతోంది. వేలమందికి తన చేత్తో రొట్టె అందించిన మనిషి అతిథిలా నవ్వి పక్కకి జరిపేస్తారు. ఆయనకి కష్టం ఉందో లేదో నాకు తెలియదు. కరుణకి మాత్రం ఉంది.

ఆ వేసవికి తను మునగాలని నిశ్చయించుకుంది. మా సంఘం పాస్టరు స్టీఫెన్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆదివారాలు వాక్యం చెబుతాడు. వరంగల్ కుర్రాడు, మనసు మంచిది, నియమం గట్టిది. బాప్తిస్మాలు వాళ్ల అపార్ట్‌మెంట్ ఈతకొలనులో జరుగుతాయి. అది మాత్రం వద్దంది కరుణ.

“అందరూ కుర్చీలేసుకుని చూస్తారు. వాళ్ల మధ్య నాన్న కూర్చుంటారు. నాన్న చేసింది చెల్లలేదని నేను అందరి ముందూ చెప్పినట్టే కదండీ?”

“ఎక్కడ మునిగినా చెప్పినట్టే కదా?” అన్నాను.

“మీకు అర్థం కాదు లెండి” అంది.

నిజంగానే అర్థం కాలేదు. ఒకసారి ఇచ్చినదాన్ని మళ్లీ ఇస్తే రెండవుతుందా, లేక మొదటిది సున్నా అవుతుందా? స్టీఫెన్‌ని అడిగితే సున్నా అన్నాడు. మామయ్యగారిని అడిగే ధైర్యం నాకు లేదు.

2012లో ఈస్టర్ దాటిన వారం మా రెండు కుటుంబాలూ కలిసి ఓర్లాండో వెళ్లాం. ఈత, భోజనంతో పడవ ప్రయాణం ఉందని స్టీఫెనే కనిపెట్టాడు. సంఘం వాళ్లెవరూ ఉండరు. సముద్రం ఉంటుంది. అతని భార్యాపిల్లలు రంగులరాట్నాల వైపు వెళ్లారు. మేం నలుగురం గురువారం పొద్దున్నే కారెక్కాం. మామయ్యగారికి విషయం చెప్పాల్సిన పని కరుణ నాకు అప్పగించింది.

పడమటికి, కారులో

ఫ్లోరిడా దారి మన డెల్టా దారిలా పల్లంగా ఉంటుంది. ఎక్కడా చిన్న దిబ్బయినా లేదు. రోడ్డు పక్కన నారింజ తోటలు, తోటల ముందు చెక్క బల్లల మీద సంచుల్లో నారింజలు. ఒక చోట ఆగి కొన్నాం. దుకాణంలో మనిషి లేడు. డబ్బా ఉంది, ధర రాసిన అట్ట ఉంది. మామయ్యగారు చాలాసేపు ఆ డబ్బా వంక చూశారు.

“దీన్ని ఎవరూ ఎత్తుకుపోరా, అల్లుడుగారూ?”

“పోరనుకుంటానండీ.”

“అయితే ఈ దేశంలో పాదిర్లకి పనేముంది?” అన్నారు.

కారు మళ్లీ కదిలాక నేను మొదలుపెట్టాను. “మామయ్యగారూ, అక్కడ ఈత కూడా ఉందిటండీ.”

“నాకు రాదు.”

“మీ సంగతి కాదు లెండి.”

“మీకూ రాదు కదా.”

“కరుణ దిగుతానంటోంది.”

“అదా!” ఆయన వెనక్కి తిరిగి కూతుర్ని చూసి పెద్దగా నవ్వారు. “కాలవ దాటాలంటే నా మెడెక్కి కూర్చునేది. వానాకాలం ఇంటిముందు నీళ్లు నిలిస్తే బడి మానేసేది. అది సముద్రంలో దిగుతుందా?”

అద్దంలో కరుణ కళ్లు నా వంకే చూస్తున్నాయి. తర్వాతి వాక్యం మానేశాను. దానికి బదులు సముద్రపు పోటు గురించి మాట్లాడాను. నేను కొత్తపట్నం తీరంలో పెరిగాను. తిథి తెలిస్తే పోటు ఎప్పుడొస్తుందో చెప్పగలను. ఆరోజు బహుళ సప్తమి. మధ్యాహ్నానికి సముద్రం నిండుగా ఉండాలి. స్టీఫెన్‌కి అదే చెప్పాను. నడుము లోతు నీళ్లు ఒడ్డు పక్కనే దొరుకుతాయని హామీ ఇచ్చాను.

“సూపర్ అన్నా. నువ్వుంటే గూగుల్ ఎందుకు?” అన్నాడు.

స్పాంజీల రేవు

నది ఒడ్డున వరసగా దుకాణాలు. ప్రతి దుకాణం ముందూ గోధుమరంగు స్పాంజీలు బుట్టల్లో పోసి ఉన్నాయి. ఎండిన స్పాంజీ చేత్తో పట్టుకుంటే గరుకుగా, బరువే లేకుండా ఉంటుంది. నీళ్లలో ముంచితే దూదిలా మెత్తబడుతుంది. గుప్పెడంత స్పాంజీ పన్నెండు డాలర్లు చెప్పారు. మన ఇళ్లలో ముదిరిన బీరకాయ ఎండబెట్టుకుంటే ఒళ్లు రుద్దుకునే పీచు ఊరికే వస్తుంది. ఆ మాట దుకాణం ముసలాయనతో అంటే ఆయన నన్ను జాలిగా చూసి, తడి స్పాంజీ ఒకటి నా చేతి మీద రుద్దాడు. వెంటనే ఒకటి కొన్నాను.

కాఫీ బొమ్మరిల్లు గిన్నెలంత కప్పుల్లో ఇచ్చారు. సగం కాఫీ, సగం మడ్డి. అడుగుది వదిలెయ్యాలని మాకు తెలియదు. ఇచ్చింది పారెయ్యడం మామయ్యగారికి అలవాటు లేదు. మడ్డి కూడా నమిలి మింగారు. పళ్లు నల్లబడ్డాయి. కొట్టు ఆవిడ పరుగున వచ్చి నీళ్లిచ్చింది. “వీళ్ల కాఫీకి ముద్దపప్పంత చిక్కదనం ఉంది” అని ఆయన తీర్పు చెప్పారు.

అంతవరకూ నేను చెప్పాల్సింది చెప్పనేలేదు. పడవ కూత వేసింది.

ఎర్రటి వేళ్లు

పడవ నడిపేది ఇరీనీ అనే గ్రీకావిడ. యాభై దాటి ఉంటాయి. తాత స్పాంజీలు కోసేవాడట, తండ్రి కూడా. ఆమె మాత్రం మాలాంటివాళ్లని తిప్పుతుంది. టిక్కెట్లు చింపుతుంటే ఆమె వేళ్ల కొనలు ఎర్రగా కనబడ్డాయి.

“గోరింటాకు పెట్టుకున్నారే!” అని కరుణ ఆశ్చర్యపోయింది. గోరింటాకంటే ఏమిటో ఇంగ్లీషులో వివరించింది కూడా.

ఇరీనీ నవ్వింది. గోరింటాకు కాదట. ఆ గురువారం గ్రీకుల ఇళ్లలో కోడిగుడ్లకి ఎర్రరంగు వేస్తారట. పొద్దున పడవకి వచ్చేముందు ఆ పని ముగించుకుని వచ్చింది. “ఈ ఆదివారం ఈస్టర్ కదా” అంది.

“ఈస్టర్ అయిపోయింది” అన్నాను. “పోయిన ఆదివారమే.”

“మీది అయిపోయింది. మాది ఇంకా రాలేదు.”

ఆ మాటతో నా కాళ్ల కింద పడవ నిజంగానే కదిలినట్టయింది. వసంతంలో పగలూ రాత్రీ సమానమైన రోజు తర్వాత వచ్చే పున్నమి, దాని తర్వాతి ఆదివారం. ఈ సూత్రం నేను ఎన్ని సంవత్సరాలకి కట్టానో. ఒక్కటీ తప్పలేదు. అడిగితే ఇరీనీ చర్చి సూత్రమూ సరిగ్గా అదేనంది. పాత క్యాలెండర్ పట్టుకుని కట్టడంతో వాళ్ల సమాన దినమూ వాళ్ల పున్నమీ మనవాటికంటే వెనక పడతాయి. రెండు పంచాంగాలు ఉగాదిని రెండు రోజుల్లో పెట్టినప్పుడు మన ఊళ్లలో జరిగే గందరగోళం నేను చూశాను. అప్పుడు ఏదో ఒకటి తప్పు అనుకునేవాణ్ణి. ఇక్కడ సూత్రం ఒకటే, ఇద్దరి కూడికలూ సరైనవే, జవాబులు మాత్రం రెండు.

“బాగుంది” అన్నారు మామయ్యగారు. “ఒక ఏడాదిలో రెండు ఈస్టర్లు. పడవ దిగేసరికి మనం మళ్లీ ఉపవాసంలోకి వెళ్లాలా, అల్లుడుగారూ?”

నది దాటి సముద్రంలోకి వచ్చాం. నీళ్లు పచ్చగా, అలల్లేకుండా, చెరువులా ఉన్నాయి. ఒక డాల్ఫిన్ కనిపించింది. అమెరికన్లందరూ ఒక పక్కకి పరుగెత్తారు. బరువంతా అటు చేరితే ఏమవుతుందో అంచనా వేసి నేను రెండో పక్కనే కూర్చున్నాను. నాతోపాటు మిషిగన్ నుంచి వచ్చిన ముసలాయన ఒకడు కూర్చున్నాడు. అతని ఒళ్లో నీళ్ల మీద తేలడానికి పొడుగాటి నురగ గొట్టం ఉంది. మాకు ఈత రాదని తెలిసి, “అవసరమైతే తీసుకోండి” అన్నాడు. చివరికి అవసరం రాలేదు. ఎందుకో చెబుతాను.

దీవి

దీవి పొడుగాటి తెల్ల ఇసుక చార. దూరంగా ఒక దీపస్తంభం. మమ్మల్ని ఒడ్డు దగ్గర దింపుతూ ఇరీనీ ఒక హెచ్చరిక చేసింది. నీళ్లలో అడుగులు ఎత్తి వేయకూడదట, ఇసుకలో పాదాలు ఈడ్చుకుంటూ నడవాలట. ముల్లు తోక ఉన్న టేకు చేపలు ఇసుకలో పడుకుని ఉంటాయి. తొక్కితే పొడుస్తాయి, ఈడ్చుకుంటూ వెళితే చప్పుడుకి పారిపోతాయి.

కరుణ పడవలోనే బట్టలు మార్చుకుని వచ్చింది. తెల్ల చుడీదార్, తెల్ల చున్నీ. చుట్టూ అందరూ జానెడు గుడ్డల్లో ఉన్నారు. వాళ్ల మధ్య తల నుంచి కాలి దాకా తెల్లగా నిలబడింది. పెళ్లా అని ఎవరో అడిగారు.

నేను మామయ్యగారి దగ్గరికి వెళ్లాను. “ఒక విషయం చెప్పాలండీ.”

“నాలుగు రోజుల్నుంచీ చెబుతూనే ఉన్నారు కదా. ఈతకి ఎవరూ తెల్లబట్టలు ఇస్త్రీ చేసి తెచ్చుకోరు.” ఆయన ఇసుక మీద కూర్చుని బూట్లు విప్పుతున్నారు. కరుణ అక్కడే ఆగిపోయింది.

“నాన్నా, నేను…”

“పళ్లెం దాటిపోతుంటే నువ్వు దాని వంక చూడకపోవడం నేను పక్కనే కూర్చుని చూశాను. నీకది కావాలి. వెళ్లు.”

“నువ్వు చెయ్యి నాన్నా. స్టీఫెన్ ఏమీ అనుకోడు. నీ చేత్తోనే ముంచు.”

ఆయన తల అడ్డంగా ఆడించారు. కోపం లేదు, తొందర లేదు. “నేను ముంచితే, ఆరోజు పోసినవి ఉత్త నీళ్లని నా నోటితో నేనే చెప్పినట్టవుతుంది. నువ్వొక్కదానివి కాదమ్మా, నా చేతిమీద బాప్తిస్మం పొందినవాళ్లు ఎంతమంది ఉన్నారో నీకు తెలుసు. అది నావల్ల కాదు. తువ్వాలు ఇటివ్వు. పట్టుకుని ఇక్కడ నిలబడతాను.”

ఆమె తువ్వాలు ఇచ్చింది. ఇవ్వడానికి కొంత సేపు పట్టింది.

మేం ముగ్గురం పాదాలు ఈడ్చుకుంటూ సముద్రంలోకి నడిచాం. నడిచాం, నడిచాం. నీళ్లు మోకాళ్ల దగ్గరే ఉన్నాయి. ఇంకా నడిచాం. అక్కడా మోకాళ్లే. ఒక చోటయితే పిక్కల దాకా దిగిపోయాయి కూడా.

“ఏందన్నా ఇది?” అన్నాడు స్టీఫెన్. “ఫుల్ టైడ్ అన్నవ్ కదా!”

“అవ్వాలి. సప్తమి…”

“సప్తమి ఇండియాలనే ఉన్నట్టుంది.”

ఇక్కడి సముద్రానికి కొత్తపట్నం లెక్క పనికిరాదని తర్వాత ఇరీనీ చెప్పింది. ఒక పోటు పెద్దది, ఒకటి చిన్నది, కొన్ని రోజులు ఏది ఎక్కడుందో కూడా తెలియదట. చంద్రుడు ఒకడే. రెండు సముద్రాలు అతని మాట ఇంత వేర్వేరుగా వినడం నాకు కొరుకుడు పడలేదు.

చివరికి తొడల దాకా నీళ్లున్న చోటు దొరికింది. అంతకంటే లోతు లేదు. కరుణని వెల్లకిలా వాల్చబోతే భయంతో కర్రలా బిగుసుకుపోయింది. రెండుసార్లు ప్రయత్నించి స్టీఫెన్ మానుకున్నాడు. అప్పుడామె ఇసుకలో చతికిలబడింది, అన్నం తినడానికి కూర్చున్నట్టు. నీళ్లు గడ్డం దాకా వచ్చాయి. స్టీఫెన్ పక్కన మోకాళ్లూని, ఆమె నడినెత్తిన అరచెయ్యి పెట్టి, అడగాల్సిన ప్రశ్నలు అడిగాడు. జవాబులు చెబుతుంటే ఆమె పళ్లు టకటకలాడాయి. అతను తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామంలో అని చెప్పి తలని కిందికి నొక్కాడు. నోరు, ముక్కు, కళ్లు, కనుబొమలు నీళ్లలోకి వెళ్లాయి. చెవులు వెళ్లాయి. అక్కడ ఆమె మెడ ఆగిపోయింది. మరుక్షణం దగ్గుతూ పైకి లేచింది.

పడవమీద నుంచి చప్పట్లు వినిపించాయి. మిషిగన్ ముసలాయన నురగ గొట్టం ఎత్తి ఊపాడు.

స్టీఫెన్ చప్పట్లు వినడం లేదు. తన అరచేతి వంక చూసుకుంటున్నాడు. చేతి వెనక పక్క పొడిగా ఉంది.

“అక్కా, మొత్తం మునగలే” అన్నాడు మెల్లగా. “నెత్తి పైననే ఉంది. అన్నా, నువ్వు చూసినవ్ కదా. మునిగిందా?”

ఇద్దరూ నా వంక తిరిగారు. కరుణ పెదవులు నీలంగా ఉన్నాయి. మునిగిందని ఒక్క మాట అంటే చాలు. ఆమె ఇంకోసారి ఆ నీళ్లలోకి వెళ్లక్కర్లేదు. కానీ నేను చూశాను. నల్లటి తడి జుట్టు మధ్యలో అరచేతి వెడల్పు చోటు తెల్లని పాపిట, పొడి వెంట్రుకలు, స్పష్టంగా.

“అంత చోటు మునగలేదు” అన్నాను.

కరుణ నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను.

“ఇంకొక్కసారి అక్కా. ప్లీజ్. ఇట్ల వదిలేస్తే సంఘం పెద్దలకి ఏం చెప్పాలె?”

“నావల్ల కాదు స్టీఫెన్.”

“ఒక్క సెకను.”

“నావల్ల కాదన్నాను కదా!” ఆమె ఏడుస్తోంది. సముద్రంలో కూర్చుని ఏడిస్తే కన్నీళ్లెక్కడివో తెలియడం కష్టం. గొంతుని బట్టి చెబుతున్నాను.

అప్పుడు వెనక నీళ్ల చప్పుడు వినిపించింది. మామయ్యగారు ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, తువ్వాలు తలమీద చుట్టుకుని, ఇరీనీ చెప్పినట్టే పాదాలు ఈడ్చుకుంటూ వస్తున్నారు. అంత జాగ్రత్తగా మాలో ఎవరం నడవలేదు.

“ఏమైంది?”

స్టీఫెన్ చెప్పాడు. తలవంచుకుని చెప్పాడు.

“ఎక్కడ మునగలేదు? చూపించు బాబూ.”

స్టీఫెన్ వేలుతో చూపించాడు. ఆయన వంగి కూతురి నడినెత్తిన చెయ్యి పెట్టి తడిమి చూశారు. పొడిగా ఉన్న చోటు ఆయన అరచేతి కింద పట్టింది.

“ఇక్కడేనా?”

“అవునయ్యగారూ.”

“ఇక్కడ నేను తడిపాను.” ఆయన చెయ్యి తియ్యలేదు. “అప్పుడు దీని తల నా గుప్పెడంత ఉండేది. పోసిన నీళ్లు ఇక్కడే పడ్డాయి. ఇంకెక్కడా పడలేదు, పట్టు గౌను తడుస్తుందని వాళ్లమ్మ గుడ్డ అడ్డం పెట్టింది. మిగతా ఒళ్లంతా పొడిగా ఉండిపోయిందని కదా నీ బాధ? అదంతా నువ్వు తడిపావు. ఇంకెక్కడ మిగిలింది, నువ్వే చెప్పు.”

నేను మనసులో రెండూ కలిపి చూశాను. ఒక్క వెంట్రుక వెడల్పు కూడా మిగల్లేదు. అయితే అలా కలపొచ్చా అన్నది నాకు తెలియదు. రెండు వేర్వేరు సంఘాల నీళ్లు, మధ్యలో నలభై ఆరేళ్లు.

కరుణ ఏడుపు మధ్యలోనే నవ్వేసింది. ఆయన ఆమెని లేవదీయబోతే తువ్వాలు జారి సముద్రంలో పడింది. ఆ ఒక్కటి మాత్రం నిండా మునిగింది.

భోజనం

పడవలో పెట్టిన భోజనం గురించి చెప్పాలి. పెద్ద పళ్లెంలో ఆకుకూర, టమాటా, దోసకాయ, ఆలివ్ కాయలు, పైన ఉప్పటి జున్ను పలక. తవ్వుకుంటూ వెళితే అడుగున ఉడకబెట్టిన బంగాళాదుంప ముద్ద దొరికింది. ఎవరైనా పొరపాటున పడేశారేమో అనుకున్నాను. అది ఆ ఊరి పద్ధతేనట. తర్వాత వేయించిన రొయ్యలు, నిమ్మరసం. రొయ్యల్లో ఉప్పూ నిమ్మా తప్ప మరేం లేదు. మామయ్యగారు జేబులోంచి కారప్పొడి పొట్లం తీశారు. మిషిగన్ ముసలాయన అడిగి కొంచెం వేయించుకుని, ఆ తర్వాత చాలాసేపు నీళ్లు తాగుతూనే ఉన్నాడు.

ఇరీనీ మాత్రం మూల కూర్చుని రొట్టె, ఉడికించిన చిక్కుడు గింజలు, ఆలివ్ కాయలు తింటోంది. ఆ వారం ఆమెకి రొయ్యలు కూడా లేవు. మా ఉపవాస దినాలు అయిపోయాయని మేం, ఆమెవి కాలేదని ఆమె. ఒకే పడవ.

కరుణ పొడి శాలువా కప్పుకుని ఆమె పక్కన చేరింది. “మీ చర్చిలో పిల్లలకి బాప్తిస్మం ఎలా ఇస్తారు?”

“మూడుసార్లు ముంచుతాం.”

“మూడుసార్లా!” మామయ్యగారి చేతిలో రొయ్య ఆగింది.

“ఇత్తడి తొట్టిలో. ఒంటిమీద నూలుపోగు లేకుండా. నూనె రాసి మరీ ముంచుతారు. అదే రోజు చెంచాతో రొట్టె, ద్రాక్షారసం నోట్లో పోస్తారు.”

“అదే రోజునా? పసిబిడ్డకా?” ఈసారి అడిగింది స్టీఫెన్.

“మరి ఇంటి బిడ్డకి ఎప్పుడు పెడతారు?”

స్టీఫెన్ అసలు సంగతి అడిగాడు. “తల మొత్తం మునుగుతుందా?”

ఇరీనీ భుజాలెగరేసింది. “బిడ్డ జారుతుంది, తన్నుకుంటుంది, ఏడుస్తుంది. ఫాదర్ చేతికి ఎంత చిక్కితే అంత. ఎవరు కొలుస్తారు?”

ఎవరు కొలుస్తారో తెలిసిన ముగ్గురూ నా వంక చూశారు. నేను బంగాళాదుంప తిన్నాను.

“చూడు బాబూ” అన్నారు మామయ్యగారు. “నేను మూడు దోసిళ్లు. నువ్వు ఒక ముంపు. వీళ్లు మూడు ముంపులు. అల్లుడుగారూ, మొత్తం ఎంత?”

“వేర్వేరు సరుకులు కూడకూడదండీ.”

“నేనూ అదే అనుకునేవాణ్ణి” అన్నారాయన. రొయ్య నోట్లో వేసుకుని సముద్రం వైపు తిరిగి కూర్చున్నారు.

రేవులో దిగాక స్టీఫెన్ నన్ను పక్కకి పిలిచాడు. “అన్నా, మొదటి ఆదివారం నేను నిలబడి అక్క బాప్తిస్మం తీసుకుందని చెప్పాలె. సగం అబద్ధం, సగం నిజం అయితది. ఏం చెయ్యాలె?”

“నాకు తెలియదు స్టీఫెన్” అన్నాను. అన్నీ తెలిసినవాడిలా అడిగినందుకు కొంచెం కోపం కూడా వచ్చింది.

మోరిస్‌విల్, మొదటి ఆదివారం

ఇరీనీ వాళ్ల ఈస్టర్ కూడా అయిపోయింది. మే నెల మొదటి ఆదివారం మేం ఎప్పటిలాగే కూర్చున్నాం. వరుస చివర నేను, నా పక్కన కరుణ, ఆమె పక్కన మామయ్యగారు. కరుణ కట్టింది కొత్త చీర కాదు. ఏం జరుగుతుందో తెలియని రోజుకి కొత్త చీరెందుకంది.

స్టీఫెన్ లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. “కరుణక్క ఫ్లోరిడాలో బాప్తిస్మం తీసుకున్నారు” అన్నాడు. పెద్దలు తలలూపారు. అంతటితో కూర్చోవచ్చు. కూర్చోలేదు. “అక్కకి బాప్తిస్మం ఇచ్చింది నేనొక్కణ్ణే కాదు. అయ్యగారు, నేను కలిసి ఇచ్చినం.”

హాల్లో గుసగుసలు వచ్చాయి. ముందు వరుస పెద్దాయన ఒకరు మెడ తిప్పి మా వైపు చూశారు. మామయ్యగారు తన మోకాళ్లు చూసుకుంటున్నారు. స్టీఫెన్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా చెప్పినమాట వెనక్కి తీసుకోకుండా పాట మొదలుపెట్టాడు.

పళ్లెం వచ్చింది. నేను ఒక ముక్క తీసుకుని కరుణకి అందించాను. ఆమె ఒక ముక్క తీసుకుంది. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన ముక్క. నోట్లో వేసుకోలేదు. మామయ్యగారు అలవాటుగా రెండు చేతులూ చాచారు, పళ్లెం అందుకుని అవతలికి జరపడానికి. కరుణ పళ్లెం వదల్లేదు. ఆయన లాగారు. వదల్లేదు.

“నాన్నా” అంది.

ఆయన తలెత్తి ముందు కూతుర్ని, తర్వాత స్టీఫెన్‌ని చూశారు. స్టీఫెన్ పాడుతూనే ఉన్నాడు. వద్దన్నట్టు తలాడించలేదు. రమ్మన్నట్టూ ఆడించలేదు. మామయ్యగారు పళ్లెంలోంచి ఒక ముక్క తీశారు. తీసిన తర్వాత ఏం చెయ్యాలో ఆ చేతికి తెలిసింది ఒక్కటే. ఎదురుగా ఉన్న మనిషి నోటికి అందించింది. కరుణ నోరు తెరిచింది. తిన్నాక, తన చేతిలోని ముక్క ఆయనకి పెట్టింది.

వెనక వరుసలో ఎవరో దగ్గారు. పళ్లెం ఇంకా వాళ్లిద్దరి మధ్యే ఆగి ఉంది. నేను చెయ్యి చాచి దాన్ని అందుకుని, అవతలివాళ్లకి ఇచ్చాను.